ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు: ఒక చలికాలం వాడాక

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. పోయిన ఆ ఒక్క మార్కు గొట్టంతో పాటు అంటగట్టిన సామానుకి: గురిపెట్టే ఫైండరు, కన్ను పెట్టి చూసే పది మిల్లీమీటర్ల ఐపీసు, తడి తగిలితే ఉబ్బిపోయే చెక్కపొట్టు స్టాండు. లోపలి అద్దం మాత్రం బంగారం, దాన్ని ఒక్క మాట అనను. కంపెనీ పేరు, అమ్మిన షాపు పేరు రాయను. ఎనిమిది అంగుళాల అద్దం, 1200 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్, మోటారు లేని డాబ్సోనియన్ అని వెతికితే వచ్చేవన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి, స్టిక్కర్లే తేడా. నాకు డెలివరీతో కలిపి 58 వేలు పడింది. ఇంట్లో 35 అని చెప్పాను.

మూడు నెలల్లో దీనితో గురుడిని చూశాను, పక్కన వరసగా నాలుగు చందమామల్ని చూశాను. శని వలయం సన్నటి గీతలా కనపడితే కాస్త నిరాశపడ్డాను కూడా. ఈసారి వలయం అంచు మనవైపు తిరిగి ఉంది, తప్పు గొట్టానిది కాదు. కానీ నేను కొన్నది గ్రహాల కోసం కాదు. ఒరాయన్ నెబ్యులా కోసం, అంటే మన మృగశిర ఉన్న నక్షత్రాల గుంపులో వెలిగే మబ్బు కోసం, అందులోనూ దాని మధ్యలో ఇరుక్కున్న నాలుగు చుక్కల కోసం. ఈ రివ్యూ అంతా ఆ ఒక్క చోటు చుట్టూనే తిరుగుతుంది, చందమామ మీద గోతులు ఎలా కనపడతాయో కావాల్సినవాళ్ళు ఇంకోటి చదువుకోండి.

ఆ నాలుగు చుక్కల పిచ్చి ఎందుకంటే, 2024 డిసెంబర్ 30న కార్ల్ మెంటెన్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త పోయారు, 67 ఏళ్ళు. నేను చూసే పేపర్లలో ఎక్కడా రాలేదు. డిగ్రీలో ఫిజిక్స్ చదివి బ్యాంకులో తేలిన నాలాంటివాళ్ళు కొందరు ఉంటారు, రాత్రి అన్నాలయ్యాక అర్థమైనంత వరకు ఇలాంటివాళ్ళ పరిశోధనా పేపర్లు చదువుకుంటూ కూర్చుంటారు. మెంటెన్ జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ చాలాసార్లు తిరిగి వచ్చాడు: సూర్యుడికంటే ఎనిమిది రెట్లో, పదిరెట్లో, ముప్ఫై రెట్లో బరువుండే నక్షత్రాలు అసలెలా పుడతాయి? ఆయన పోయాక పాత పేపర్లు మళ్ళీ తిరగేస్తుంటే, ఒరాయన్ నెబ్యులా ఎంత దూరంలో ఉందో 2007లో ఆయన బృందం కొలిచిన పేపరు కనపడింది. ఇన్నేళ్ళూ దాని గురించి చదవడమే తప్ప కంటితో ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదే అనిపించింది. ఆ ఏడాది బోనస్ అటు పోయింది.

ఇక సామాను సంగతి. రెండు పెట్టెల్లో వచ్చింది, పెద్దది ఒక మూల నొక్కుకుపోయి ఉంది, తెరిచేదాకా ప్రాణం ప్రాణంలో లేదు. లోపల గొట్టానికి ఏమీ కాలేదు. స్టాండు మనమే బిగించుకోవాలి. మాన్యువల్లో బొమ్మ ఒకటి, మరలు ఇంకొకటి. మా బామ్మర్ది ఆ వారం హైదరాబాద్‌లోనే ఉన్నాడు. వాడు గొట్టాన్ని చూసి "ఏం బావా, బోరుకు కేసింగ్ పైపు తెచ్చినావా?" అన్నాడు. నిజంగానే అలా ఉంటుంది. అడుగున అద్దం, పైన ఏటవాలుగా చిన్న అద్దం, పక్కన కన్ను పెట్టే చోటు, మధ్యలో అంతా ఖాళీ. ఇంత తక్కువ యంత్రంతో ఇంత పని జరగడం వెనక ఒక సన్యాసి ఉన్నాడు. జాన్ డాబ్సన్ కాలిఫోర్నియాలో వేదాంత సొసైటీ మఠంలో ఉంటూ, ఓడ కిటికీల గాజు బిళ్ళలు అరగదీసి అద్దాలు చేసి, టెలిస్కోపులు కట్టి వీధిలో పోయేవాళ్ళకి చందమామను చూపించేవాడు. 1967లో మఠం నుంచి పంపించేశారు. ఆ తర్వాత పూర్తిగా ఇదే పని. రామకృష్ణ సంప్రదాయానికి చెందిన ఆయన పేరే ఈ స్టాండుకి ఉండిపోయింది.

కొనేముందు ఎవరూ గట్టిగా చెప్పని ఒక విషయం, కాలిమేషన్. రెండు అద్దాలూ ఒకదానికొకటి సూటిగా చూసుకోవాలి, ప్రయాణంలో అది తప్పుతుంది, ప్రతిసారీ సరిచేసుకోవాలి. మొదటి రాత్రి నాకు ఇది తెలియదు. నక్షత్రం చుక్కలా కాకుండా తోకచుక్కలా సాగి కనపడుతుంటే, మోసపోయానని అమ్మినవాళ్ళకి ఫోన్ చేసి అరిచాను. అవతలి అబ్బాయి ఓపిగ్గా వినకపోగా, వీడియో చూసి నేర్చుకోండి సార్ అని పెట్టేశాడు. తర్వాత పాత ఫిల్మ్ డబ్బా మూతకి నడిమధ్య సూదితో బెజ్జం పెట్టి, అందులోంచి చూస్తూ మూడు మరలు తిప్పితే పావుగంటలో దారికొచ్చింది. ఇప్పుడు ఐదు నిమిషాలు చాలు. లేజర్ది కొనొచ్చు గానీ చవకది కొంటే ముందు లేజర్నే సరిచేయాల్సి వస్తుందట, ఆ బాధ నాకొద్దు.

హైదరాబాద్ మేడ మీద నెబ్యులా కనపడుతుందా అని చాలామంది అడుగుతారు. కనపడుతుంది, పెద్ద ఆశలు పెట్టుకోకపోతే. మా అపార్ట్‌మెంట్ మేడ మీద నీళ్ళ ట్యాంకు చాటున, వీధి దీపం కంట్లో పడకుండా నిలబడి చూస్తే నాలుగు చుక్కలూ స్పష్టంగా ఉన్నాయి. చుట్టూ ఉండాల్సిన మబ్బు మాత్రం, అద్దం మీద ఎవరో ఊపిరి వదిలినట్టు, ఉందా లేదా అన్నట్టుంది. అందుకే సంక్రాంతికి అత్తగారి ఊరు ప్రొద్దుటూరు వైపు వెళ్తూ దీన్ని కారెక్కించాను. గొట్టం నాలుగడుగులు, వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి సీటు బెల్టు కట్టాను. "పిల్లకి కట్టమంటే మర్చిపోతావు, దీనికి మాత్రం రెండు వైపులా కట్టావు" అని మా ఆవిడ కర్నూలు దాకా అంటూనే ఉంది. గొట్టం, స్టాండు కలిపి ఇరవై కిలోలు దాటుతుంది. ఒక్కడే రెండు విడతలుగా మోయొచ్చు, నడుం నొప్పి ఉన్నవాళ్ళు మాత్రం ఆరంగుళాలది చూసుకోండి.

కనుమ రాత్రి. అమావాస్య దగ్గర్లో ఉంది, చందమామ లేడు. పొలం గట్టు మీద గొట్టాన్ని నిలబెట్టి నలభై నిమిషాలు వదిలేశాను, అద్దం బయటి చలికి అలవాటు పడకపోతే బొమ్మ ఉడుకుతున్న నీళ్ళలో చూసినట్టు వణుకుతుంది. ఈ ఓపిక లేకే చాలామంది కొన్న వారానికి అమ్మేస్తారు. తలెత్తితే మూడు చుక్కలు వరసగా, మా నాయనమ్మ గొల్లకావడి అని చూపించేది. ఆ పైన ఎర్రగా ఆరుద్ర. కావడి కింద వేలాడుతున్న చిన్న చుక్కల వరస మధ్యలో, కంటికే కాస్త మసకగా కనపడేది మనకు కావాల్సింది. పాతిక మిల్లీమీటర్ల ఐపీసు పెట్టి, అంటే 48 రెట్లు పెంచి చూశాను.

ఇంటర్నెట్‌లో కనపడే గులాబీ, ఊదా రంగులు మర్చిపోండి. కంటికి రంగు రాదు, అంత తక్కువ వెలుతురులో మన కన్ను రంగు పట్టలేదు. బూడిద రంగు, కాస్త ఆకుపచ్చ ఛాయ ఉన్నట్టు నాకనిపించింది, అంతే. కానీ ఆకారం! రెండు వైపులా రెక్కలు విప్పినట్టు వెళ్ళిపోయే పొగ, మధ్యలోకి నల్లగా పొడుచుకొచ్చిన చీలిక, దాన్ని ఖగోళం వాళ్ళు చేప నోరు అంటారు. మృగశిర కార్తెకి హైదరాబాదంతా చేపల కోసం ఎగబడుతుంది కదా, ఆ జూన్ రోజుల్లో సూర్యుడు వచ్చి కూర్చునేది ఈ మృగశిర దగ్గరే, కాబట్టి అప్పుడు ఈ చేప మాత్రం ఎవరికీ కనపడదు. నేరుగా కాకుండా కంటిని కాస్త పక్కకి తిప్పి చూస్తే పొగ ఇంకా దూరం పాకుతుంది, ఇది అలవాటు కావడానికి రెండు మూడు రాత్రులు పడుతుంది.

చేప నోటి పక్కనే నాలుగు చుక్కలు. ట్రపీజియం. దగ్గరదగ్గరగా, సూదితో పొడిచినట్టు, ఒకటి మిగతావాటికంటే కాస్త పెద్దగా. మా అత్త మొదట రానంది, తర్వాత వచ్చి స్టూలు మీద కూర్చుని చాలాసేపు చూసింది. "ముగ్గు పిండి చెదిరినట్టుంది. ఎవరో నాలుగు చుక్కలు పెట్టి, గీత కలపడం మర్చిపోయినారు" అంది. ఇన్నేళ్ళు చదివిన నాకు ఇంత బాగా చెప్పడం ఎప్పుడూ రాలేదు. గెలీలియో 1617లో తన గొట్టంతో ఇక్కడ మూడు చుక్కలే గుర్తుపెట్టాడు, పొగ సంగతే రాయలేదు. ఆ లెక్కన 58 వేలు దండగ కాదు.

ఆ నాలుగింటిలో పెద్దదాన్ని సి అంటారు. సూర్యుడికి ముప్ఫై రెట్లకి పైగా బరువు. మనకు కనపడే పొగంతా వెలిగేది చాలావరకు ఆ ఒక్కదాని అతినీల కాంతి తగిలే. ఇలాంటి నక్షత్రం పుట్టకూడదు, నిజానికి. నక్షత్రం అంటే చుట్టూ ఉన్న వాయువు, ధూళి లోపలికి పడుతూ పోతే పెరిగేది. కానీ బరువు పెరిగేకొద్దీ వెలుగు విపరీతంగా పెరుగుతుంది, ఆ వెలుగే వచ్చి పడే ధూళిని బయటికి నెడుతుంది. కళ్ళంలో తూర్పారబట్టడం చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, గాలి ముందు పొట్టు నిలవదు. మరి ముప్ఫై సూర్యుల బరువు ఎలా పోగైంది? నాలుగు దిక్కుల నుంచీ కాకుండా చుట్టూ తిరిగే పళ్ళెం లాంటి దాని మీదుగా పడుతుంది, వెలుగు పైనుంచీ కిందనుంచీ తప్పించుకుపోతుంది అన్నది ఇప్పుడు ఎక్కువమంది చెప్పే జవాబు. చిక్కేంటంటే దాన్ని చూడటం కష్టం. సూర్యుడి లాంటిది స్థిరపడటానికి ఐదు కోట్ల ఏళ్ళు పడితే, ఇవి లక్ష ఏళ్ళ లెక్కలో పుట్టేస్తాయి, పైగా అరుదు, దూరం, దట్టమైన ధూళి కడుపులో దాక్కుని ఉంటాయి. ఇంకా తింటూనే, ఇంకా బయటపడకుండానే లోపల హైడ్రోజన్ మండించడం మొదలుపెట్టేస్తాయి.

మెంటెన్ చేసిన పని ఇక్కడ పనికొస్తుంది. ధూళిని దాటి వచ్చేది రేడియో తరంగం. 1991లో అమెరికాలోని గ్రీన్‌బ్యాంక్‌లో ఉన్న 43 మీటర్ల డిష్‌తో ఆయన 6.7 గిగాహెర్ట్జ్ దగ్గర వెతికాడు, మిథనాల్ నుంచి వచ్చే ఒక సంకేతం కోసం. కల్తీ సారాలో ప్రాణాలు తీసే అదే మిథనాల్, అక్కడ మబ్బుల్లో బోలెడంత ఉంటుంది. సంకేతం ఎంత గట్టిగా వచ్చిందంటే, ఆకాశంలో ఇలాంటి మేజర్లలో నీటి ఆవిరి తర్వాత రెండో స్థానం దీనిదే. మేజర్ అంటే లేజర్‌కి అన్న, వెలుగు బదులు మైక్రోవేవ్. ఇందులో అసలు మజా, ఈ ఈల భారీ నక్షత్రాలు పుట్టే చోట తప్ప ఇంకెక్కడా వినపడదు. అంటే ధూళి లోపల ఎవరున్నారో చూడక్కర్లేదు, ఈల వినపడిన చోట ముగ్గు గుర్తు పెట్టుకుంటే చాలు. పాలపుంతలో ఇలాంటి చోట్లు దాదాపు వెయ్యి దొరికాయి తర్వాత తర్వాత.

నాకు ఆయనలో నచ్చేది ఒక్క దెబ్బతో ఆగకపోవడం. 1996 నుంచి బాన్‌లోని మాక్స్ ప్లాంక్ రేడియో ఖగోళ సంస్థలో డైరెక్టరు. అక్కడికి దగ్గర్లో ఎఫెల్స్‌బర్గ్‌లో వంద మీటర్ల డిష్ ఉంది, అది చాలదన్నట్టు చిలీ ఎడారిలో 5100 మీటర్ల ఎత్తున అపెక్స్ అనే 12 మీటర్ల టెలిస్కోపు పెట్టించడంలో ముందున్నాడు. అంత ఎత్తు ఎందుకంటే గాలిలో తేమ మిల్లీమీటరు కంటే చిన్న తరంగాల్ని మింగేస్తుంది, అక్కడ తేమ చాలా తక్కువ. దానితో పాలపుంత లోపలి భాగమంతా గాలించి, ఇంకా నక్షత్రం కాని చల్లటి ధూళి ముద్దల్ని వేలల్లో పట్టారు. అంటే ఒకచోట ఈలలు, ఒకచోట పిండి ముద్దలు, ఇంకోచోట అప్పుడే వెలిగినవి, వరసగా పేర్చుకుంటే పుట్టుక కథ కాస్త కాస్త అర్థమవుతుంది. ఒక్కదాన్నీ పుట్టుక నుంచి చివరిదాకా చూడలేరు కదా ఎవరూ.

ఇదంతా పొలం గట్టు మీద మా మామకి చెప్పబోతే, ఆయన కండువా చెవులకి చుట్టుకుంటూ "అంటే నాయనా, ఆ మనిషి జీవితమంతా దీని మీదే పెట్టినాడా? జీతమిస్తారా దానికి?" అన్నాడు. ఇస్తారు మామా అన్నాను. "మంచిదే" అన్నాడు. అంతటితో వదిలేస్తాడనుకుంటే, కాసేపాగి "ఇది ఎంత దూరముంటాది?" అని అడిగాడు. నేను గొట్టం కొన్నదే ఆ ప్రశ్న మీద.

పాత లెక్క 480 పార్సెక్కులు, అటూ ఇటూ ఎనభై (పార్సెక్కు అంటే దాదాపు మూడుంబావు కాంతి సంవత్సరాలు). అంత బేరం ఉన్న లెక్క మీద ఏమీ కట్టలేం, దూరం తప్పితే వెలుగు తప్పుతుంది, వెలుగు తప్పితే వయసు, బరువు అన్నీ తప్పుతాయి. బొటనవేలు చాపి ఒక కన్ను మూసి ఇంకో కన్ను మూస్తే వేలు కదిలినట్టు కనపడుతుంది కదా, భూమి ఆరునెలల్లో సూర్యుడికి ఈ పక్క నుంచి ఆ పక్కకి వెళ్తుంది కాబట్టి నక్షత్రం కూడా అలాగే కదులుతుంది. మెంటెన్ బృందం హవాయి నుంచి కరీబియన్ దాకా పరిచిన పది డిష్‌లను కలిపి ఒకే టెలిస్కోపులా వాడి, ఈ గుంపులో రేడియో వెలువరించే నాలుగు నక్షత్రాలు ఎంత కదిలాయో కొలిచారు. వచ్చింది 414 పార్సెక్కులు, తేడా అటూ ఇటూ ఏడు మాత్రమే. వాళ్ళు కొలిచిన కోణం ఎంత చిన్నదంటే, ఢిల్లీలో ఎవరో చూపుడువేలు ఎత్తితే ఆ వేలి మందం హైదరాబాద్ నుంచి ఎంత కనపడాలో అంత. నా ఎనిమిదంగుళాల అద్దం విడదీయగలిగే దానికంటే రెండొందల రెట్లకి పైగా సన్నం. ఈ ఒక్క మార్పుతో అక్కడి నక్షత్రాల వెలుగు లెక్కలు పాతిక శాతం దాకా తగ్గిపోయాయి. తర్వాతి కొలతలు దీన్ని ఇంకాస్త దగ్గరికి, 390, 400 వైపు లాగాయి, అది వేరే సంగతి.

మెంటెన్ బృందం కొలిచిన ఆ నాలుగు నక్షత్రాల్లో ఒకటి ట్రపీజియంలో ఎ అనే చుక్కలోనే ఉంది, దాని జంటగా. అంటే మా అత్త చూసిన ముగ్గు చుక్కల్లో ఒకదాన్ని పట్టుకునే దూరం కొలిచారు. ఈ సంగతి గుర్తొచ్చి నేను మళ్ళీ వంగి ఆ ఎ ని చాలాసేపు చూశాను, పెద్దగా ఏమీ లేదు, చుక్కే. మామకి మాత్రం ఇలా చెప్పాను: వెలుగుకే 1300 ఏళ్ళ పైన పడుతుంది, మన కలమళ్ళ గుళ్ళో శాసనం చెక్కిన నూరు, నూటయాభై ఏళ్ళకి బయల్దేరింది ఇప్పుడు నీ కంట్లో పడింది. కలమళ్ళ ఆయనకి బస్సులో అరగంట దూరం, ఆ శాసనం ఎరికల్ ముత్తురాజు అనే రాజు వేయించిందని, 575 నాటిదని, తెలుగులో దొరికినవాటిలో మొదటిదని బళ్ళో పిల్లలకి కూడా తెలుసక్కడ. "ఎరికల్ ముత్తురాజు పోయినాక వచ్చిందా" అని లెక్క వేసుకుని మళ్ళీ కన్ను పెట్టాడు. రెండోసారి ఎక్కువసేపు చూశాడు.

గొట్టం చూపించలేనిది కూడా రాయాలి, లేకపోతే రివ్యూ కాదు. ట్రపీజియానికి వాయవ్యంగా, ఐపీసులో ఇంచుమించు పక్కనే, ఒట్టి పొగ కనపడే చోటు ఒకటుంది. అసలు కార్ఖానా అక్కడుంది. మనకు కనపడే నెబ్యులా ఒక పెద్ద చీకటి మబ్బు ముందువైపు తగిలిన చిన్న కాలిన మచ్చ లాంటిది, వెనకాల మబ్బులో ఇంకా పుడుతూనే ఉన్నాయి. 1967లో బెక్లిన్, నోయ్‌గెబావర్ అనే శాస్త్రవేత్తలు పరారుణ కాంతిలో చూసి అక్కడొక భారీ నక్షత్రాన్ని ప్రపంచానికి చెప్పారు, అదే ఏడాది క్లైన్‌మన్, లో అనే ఇంకో ఇద్దరు అక్కడి వెచ్చటి మబ్బును చూపించారు. దాన్నంతా వేడెక్కిస్తున్నది ఎవరు అని 1995లో మెంటెన్, మార్క్ రీడ్ కలిసి అడిగారు, అందరూ అనుకుంటున్నది కాదు, పక్కన సోర్స్ ఐ అని రేడియోలో మాత్రమే కనపడేది ఒకటుంది, దాన్ని చూడండి అన్నారు. ఆ తర్వాత మిగతా బృందాలు చూస్తే బెక్లిన్ వాళ్ళ నక్షత్రం, సోర్స్ ఐ ఒకదాన్నుంచి ఒకటి దూరంగా పారిపోతున్నాయి. వెనక్కి లెక్కేస్తే ఐదొందల ఏళ్ళ కింద ఒకేచోట కలుస్తాయి, అంటే ఇక్కడ కృష్ణదేవరాయలు ఉన్న రోజుల్లో ఆకాశం నుంచి దాని వెలుగు మన దాకా వచ్చి చేరి ఉండాల్సిన పెద్ద గొడవ అది, ఎవరికీ కనపడలేదు, ధూళి అడ్డం. భారీ నక్షత్రాలు చాలావరకు ఒంటరిగా పుట్టవు, పక్కపక్కన పుట్టి తన్నుకుంటాయి.

ఇదేదీ 58 వేల గొట్టానికి దొరకదు. 58 లక్షలది కొన్నా కంటితో దొరకదు. అది తెలిసే కొన్నాను కాబట్టి నాకు బాధలేదు, కానీ కొత్తవాళ్ళు ఫోటోలు చూసి కొంటే ఏడుస్తారు.

ఇక తిట్లు. ఫైండర్ది ఎర్ర చుక్క రకం, బ్రాకెట్టు ప్లాస్టిక్, రెండో వారానికే మర తిరిగిపోయింది, ఫెవిక్విక్‌తో నడుస్తోంది. దాన్ని నమ్ముకోకుండా గొట్టం వెంట చూపు సారించి గురిపెట్టడం నేర్చుకోండి, ఒరాయన్ లాంటిదానికి అది చాలు. పది మిల్లీమీటర్ల ఐపీసు 120 రెట్లు పెంచుతుంది గానీ అంచుల దగ్గర నక్షత్రాలు పిచ్చుకల్లా రెక్కలు విప్పుతాయి. పైగా మోటారు లేదు, భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆ ఐపీసులో ఏదైనా నిమిషంన్నరలో పక్కకి జారిపోతుంది, వరసలో నిలబడ్డ పిల్లలకి చూపించాలంటే ప్రతి పిల్లకీ మళ్ళీ తోయాలి. నేను విడిగా తొమ్మిది మిల్లీమీటర్లది ఒకటి మూడున్నర వేలు పెట్టి కొన్నాను, బొమ్మ మొత్తం మారిపోయింది. బడ్జెట్టులో దీన్ని ముందే కలిపేసుకోండి. స్టాండు అడుగున చెక్కపొట్టు బల్లకి మంచు తగిలి ఒక అంచు ఉబ్బింది, పాత ఫ్లెక్సీ ముక్క పరిచి దానిమీద పెడుతున్నాను. రాత్రి పదకొండు దాటాక పైన చిన్న అద్దానికి మంచు పడుతుంది, మా ఆవిడ హెయిర్ డ్రయ్యరు పొలం దాకా రాదు కాబట్టి ఆ వేళకి మూతేసి లోపలికి రావడమే. శాలువా కప్పుకుని వంగితే మన ఊపిరికే ఐపీసు మసకబారుతుంది, పక్కకి తిరిగి ఊపిరి వదలండి.

వీటన్నింటికీ కలిపి ఒక మార్కే తీశాను, ఎందుకంటే మారిస్తే మారేవే ఇవన్నీ. అద్దం మార్చలేం, అది బాగుంది. దానికి నేను పెట్టిన పరీక్ష ట్రపీజియంలో ఐదోది, ఆరోది. ఎ పక్కన ఇ, సి పక్కన ఎఫ్ అని రెండు చాలా మసక చుక్కలు ఉంటాయి, పక్క చుక్కల వెలుగులో మునిగిపోయి ఉంటాయి కాబట్టి గాలి నిలకడగా ఉన్న రాత్రే విడివిడిగా కనపడతాయి. కనుమ రాత్రి పదిన్నరకి, కొత్త ఐపీసుతో, ఇ ఒక్కసారి మెరిసి పోయి మళ్ళీ వచ్చింది. మా బామ్మర్దిని పిలిచి ఎన్ని చుక్కలున్నాయో చెప్పమన్నాను, ముందే చెబితే మొహమాటానికి ఐదంటాడని చెప్పలేదు. "నాలుగు... ఉండు బావా... ఐదు" అన్నాడు.

ఆరోది ఇంకా దొరకలేదు. మార్చి దాకా సాయంత్రాలు బాగానే ఉంటాయి, ఆ తర్వాత పొద్దుగుంకగానే గొల్లకావడి పడమటికి వాలిపోతుంది, మే వచ్చేసరికి సూర్యుడి వెలుగులో కలిసిపోతుంది. వచ్చే శనివారం శ్రీశైలం రోడ్డు వైపు వెళ్దామనుకుంటున్నా, వెనక సీటు ఖాళీ లేదు గానీ ముందు సీటులో ఒకరికి చోటుంది.